పింజారి ఏకిన దూది

దూదిపింజ తెలుగులో అందమైన మాట. తెల్లమబ్బుని చూసినా, పసిబిడ్డ బుగ్గని తాకినా మన కవులకి అదే గుర్తొస్తుంది. పింజారి మాత్రం తిట్టు. 'పింజారి వెధవ' అని కథల్లో రాశారు, సినిమాల్లో పలికించారు, చదువుకున్నవాళ్ళూ నోరారా వాడారు. నిజానికి ఈ రెండూ ఒక్క ధాతువులోంచి పుట్టిన మాటలే. పింజ అంటే విడదీసిన దూది. పింజారి అంటే ఆ దూదిని విడదీసే మనిషి. వస్తువు ముద్దయింది, దాన్ని చేసిన మనిషి లేకి అయ్యాడు.

ఇంకో మాట వుంది. 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అంటారు. మెత్తగా లోపలికొచ్చి కదలకుండా పాతుకుపోయాడని దాని అర్థం. ముస్లింల రాక గురించి మాట్లాడేవాళ్ళ నోట కూడా ఈ సామెత దొర్లుతూ వుంటుంది. ఏకు అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట. దాన్ని చేసినవాడు ఈ నేలమీది దూదేకుల సాయిబు. అతను ఎక్కణ్ణించో రాలేదు. అతను ఏకిన దూదితోనే ఊరు బట్ట కట్టింది, ఊరు పడుకుంది. మేకు ఎవరు, ఏకు ఎవరు అనేది చరిత్రని అడిగి తేల్చుకోవాల్సిన సంగతి.

రాజుల చరిత్రలో దానికి జవాబు దొరకదు. రజాయిని విప్పి చూస్తే కొంత దొరుకుతుంది.

రజాయికి మూడు పొరలు. పైగుడ్డని ఉర్దూలో అబ్రా అంటారు. అడుగుగుడ్డ అస్తరు. మధ్యలో దూది. చూసేవాళ్ళకి పైగుడ్డే కనబడుతుంది. పూలు, రంగులు, అంచులు అన్నీ దానివే. కప్పుకునే మనిషి ఒంటికి తగిలేది అస్తరు. చలి ఆపేది దూది. రజాయి పదేళ్ళు బతకాలా, పది నెలలు బతకాలా అని తేల్చేది ఈ కనబడని రెండే. వాటిని ఎంచడమే దూదేకుల పనితనం.

బొంత సంగతి వేరు. అది దూది కొనలేనివాళ్ళ రజాయి. పాత చీరలు, పంచెలు, లుంగీలు ఒకదానిమీద ఒకటి పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంటూ పోతారు. చిరిగిన పేలికలు లోపల, కాస్త రంగున్న ముక్కలు పైన. అడుగున మాత్రం చిరగని నూలుచీర ఒకటి నిండుగా వుండాలి. ఎన్నో ఉతుకులు తిని మెత్తబడ్డ చీర అయితే మరీ మంచిది. ఉత్తర కన్నడ అడవుల్లో వుండే సిద్దీలు, అంటే ఆఫ్రికా నించి ఈ దేశానికి తీసుకురాబడ్డవాళ్ళ సంతతి, ఇలాంటి బొంతల్నే కుడతారు. అక్కడ వాటిని కవంద్ అంటారు. సిద్దీల్లో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. ముగ్గురి కవందుకీ అడుగున పాత చీరే. అంచు నించి మొదలుపెట్టి మధ్యకి కుట్టుకుంటూ రావడం కూడా ముగ్గురిదీ ఒకటే పద్ధతి. మతం మారినా కుట్టు మారలేదు.

దూది నింపే రజాయికి వస్తే అస్తరు ఎంపికలో లెక్కలున్నాయి. నేత మరీ పలచనైతే దూది పోగులు బయటికొస్తాయి. మరీ గట్టిదైతే సూది దిగదు, కుట్టే చెయ్యి నొస్తుంది, ఒంటికి బిరుసుగా తగులుతుంది. మధ్యరకం నేత వున్న ముతక నూలుగుడ్డ కావాలి. దాన్ని ముందుగా తడిపి ఆరెయ్యాలి. కొత్తగుడ్డకి గంజి వుంటుంది, మొదటి ఉతుకులో గుంజుకుంటుంది. పైగుడ్డ ఒక తీరున, అడుగుగుడ్డ ఒక తీరున గుంజుకుంటే రజాయి ముడతలు పడి కూచుంటుంది. అందుకే ఒకే రకం నూలు రెండుపక్కలా వుండాలంటారు. పైగుడ్డకన్నా అస్తరు నాలుగువైపులా కాస్త ఎక్కువ కొలతతో కత్తిరించాలి. టాకాలు పడేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది. మిగిలింది అంచుకి మడత పెట్టుకోవచ్చు. అస్తరుకి ముదురురంగు ఎంచడమూ ముందుచూపే. దూది నింపిన రజాయిని రోజూ ఉతకలేం కదా.

దూది ఎంపిక ఇంకా లోతైన విద్య. మిల్లుకి పొడుగుపోగు పత్తి కావాలి. సన్నటి నూలు దాన్నించే వస్తుంది. రజాయికి అది అంత పనికిరాదు. పొడుగ్గా, సన్నగా వున్న పోగులు తొందరగా అణిగి చాపలా అంటుకుపోతాయి. నాటుపత్తి పోగు పొట్టిది, కాస్త ముతకది. పిడికిట పట్టి నొక్కి వదిలితే మళ్ళీ లేస్తుంది. ఆ లేవడంలోనే వెచ్చదనం వుంది. చలి ఆపేది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. గాలి నిలవనిచ్చే దూదే మంచి దూది. కర్నూలు, అనంతపురం, బళ్ళారి నల్లరేగళ్ళలో పండిన ముంగారి, వెస్టర్న్ రకాలు, కృష్ణా గుంటూరు వైపు పండిన ఎరుపుఛాయ కోకనాడ పత్తి ఇలాంటివే. పొట్టిపోగు గనక టాకాలు దగ్గరగా పడాలి. దూరంగా వేస్తే దూది ఒకమూలకి జారి, ఇంకోమూల వట్టిగుడ్డ మిగులుతుంది.

బూరుగుదూది ఎంత మెత్తగా వున్నా రజాయికి వాడరు. దాని పోగు నున్నగా జారుతుంది, ఒకదాన్నొకటి పట్టుకోదు, కుట్టుకి నిలవదు. అది తలగడలకే. మిల్లుల్లో ఏకుడు యంత్రాల కింద రాలే తుక్కుదూది పరుపులకి సరిపోతుంది. గింజపొట్టు మిగిలిన దూదిని నింపితే ఆ పొట్టు గుచ్చుకుంటుంది, దానిలోని నూనె అస్తరుకి మరక పట్టిస్తుంది. మన చలికి వీశె, వీశెన్నర దూది చాలు. ఇప్పటి లెక్కలో కిలోన్నర నించి రెండు కిలోలు. అంతకుమించి నింపితే బరువే తప్ప ఒరిగేదేం లేదు.

ఇవన్నీ ఏ బడిలోనూ చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ రాయలేదు. తండ్రి చేతినించి కొడుకు చేతికి, అత్త సూదినించి కోడలి సూదికి దిగిన చదువు. విల్లు మగవాళ్ళది, టాకాలు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళవి. బేరం మాట్లాడేది మగవాడు గనక పేరు మగవాడికే వచ్చింది. దూదేకుల చరిత్రలో కూడా అస్తరులా కనబడకుండా వుండిపోయింది ఆ ఇంటి ఆడమనిషే.

ఇక ఆ విల్లు. మనిషెత్తు కొయ్యకి మేకపేగుతో చేసిన నారి బిగిస్తారు. దూలానికి తాడుతో వేలాడదీసి, నారిని దూదికుప్పలో వుంచి, కొయ్యసుత్తితో కొడతారు. నారి అదిరినప్పుడల్లా దూది విడిపోయి పైకి లేస్తుంది. మట్టి, పొట్టు కిందికి రాలతాయి. ఈ విల్లు ఈ దేశంలో పాతదే. 12వ శతాబ్దపు హేమచంద్రుడి సంస్కృత నిఘంటువులో దూది విప్పే విల్లుకి మాటలున్నాయి, వాటిలో పింజనం ఒకటి. అరబ్బులోనూ ఇదే పనికి మాటలున్నాయి. హల్లాజ్ అంటే దూది శుభ్రం చేసేవాడు. నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. నద్దాఫ్ మన నేలమీదికొచ్చి లద్దాఫ్ అయ్యాడు. అంటే పింజారి అన్నా, లద్దాఫ్ అన్నా, దూదేకుల అన్నా ఒకే పనికి మూడు భాషల పేర్లు. ఈ మూటలో ఏ పోగు స్వదేశీ, ఏ పోగు విదేశీ అని వేరుచేయబోతే చేతిలో దుమ్ము మిగులుతుంది.

అనల్‌హఖ్ అన్నందుకు 922లో బగ్దాదులో చంపబడ్డ మన్సూర్ పేరు చివర వున్నది ఈ హల్లాజే. ఉత్తరాదిలో దూది ఏకే ధునియాలు తమని మన్సూరీలని పిలుచుకుంటారు. రాజస్థాన్‌లో నిర్గుణభక్తిని చాటిన దాదూ దయాళ్ (1544-1603) ధునియా అనే సంప్రదాయం చెబుతుంది. మన కడప జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడు. సిద్ధయ్య సలాం చేస్తే బండ పగిలిందని కథ. ఆయన మఠం ముడుమాలలో వుంది. జనం ఆయన్ని దూదేకుల సిద్ధయ్య అనే పిలిచారు, కులం పేరుతో సహా దండం పెట్టారు. అదే జనం ఆ కులం ఇంకో పేరుని తిట్టుగా వాడారు. ఒక మనిషిని మఠంలో కూచోబెట్టి, అతని కులాన్ని వీధిలో నిలబెట్టడం మన సమాజానికి బాగా అలవాటైన పని.

చరిత్రపుస్తకాల్లో దూది వుంది, దూదేకులవాడు లేడు. 1350లో దక్కన్లో ఇసామీ రాసిన ఫుతూహుస్సలాతీన్‌లో రాట్నం ప్రస్తావన వస్తుంది. సుల్తాన్ రజియా ప్రసక్తిలో, ఆడదానికి సింహాసనంకన్నా రాట్నమే తగినదని ఆయన వాదన. ఆ పురుషాహంకారం అలా వుంచితే, ఈ దేశంలో రాట్నానికి తొలి స్పష్టమైన సాక్ష్యం అదేనని ఇర్ఫాన్ హబీబ్ చూపించారు. రాట్నం తకిలికన్నా ఎన్నోరెట్లు ఎక్కువ నూలు తీస్తుంది. అంత నూలు తీయాలంటే అంత ఏకిన దూదీ కావాలి. రాట్నం తిరిగినంతసేపూ వెనక విల్లు మోగుతూనే వుండాలి. రాట్నం జెండామీదికి కూడా ఎక్కింది, విల్లు ఎక్కలేదు.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ సైనికులు దూది కూరి కుట్టిన దట్టమైన అంగీలు తొడుక్కున్నారని రాశాడు. అవి ఈటెపోటుని ఆపేంత గట్టివి. అదే సైనిక ప్రదర్శనలో డాళ్ళు, ఈటెలు, తురకవిళ్ళు పట్టిన ముస్లిం సైనికుల్నీ చూశాడు. రెండో దేవరాయలు (1424-46) ముస్లింలని సైన్యంలోకి తీసుకుని, వాళ్ళ సలాము కోసం సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని ఫెరిష్తా రాశాడు. మొగలాయి సేనల్లోనూ, దక్కన్ సేనల్లోనూ దూది కూరిన కవచాలున్నాయి. అస్తరు, దూది, దగ్గర దగ్గర టాకాలు. రజాయి పనితనమే యుద్ధానికి వెళ్ళింది. ఈ పక్క హిందూ రాజ్యం, ఆ పక్క ముస్లిం రాజ్యం అని గీత గీసి చెప్పే చరిత్రలో, రెండుపక్కలా ఒకే రకం దూది అంగీలు వున్నాయన్న సంగతికి చోటు దొరకదు.

జాతీయోద్యమంలోనూ ఇదే కథ. గాంధీ ఆత్మకథలో రాట్నం వెదికి పట్టుకున్న అధ్యాయం వుంది. గంగాబెన్ విజాపూర్‌లో రాట్నాలు కనిపెట్టింది. వడకడానికి ఏకులు కావాల్సొచ్చాయి. ఆమె ఒక పింజారిని కుదిర్చింది. అతను నెలకి 35 రూపాయలు అడిగాడు. ఆ సమయంలో ఎంతయినా ఎక్కువ కాదనిపించిందని గాంధీ రాశాడు. గంగాబెన్‌కి పేరుంది. పింజారికి జీతం అంకె మాత్రమే వుంది. ఖద్దరు మొదటి పోగు ముందు కూచున్న ఆ మనిషి పేరు లేకుండానే వెళ్ళిపోయాడు.

తెలుగునాట దూదేకులవాళ్ళ ఇంటిభాష చాలాచోట్ల తెలుగు. కడప, కర్నూలు, అనంతపురం, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా వున్నారు. చాలామంది నాదస్వరం పట్టి గుళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో ఊదారు. పీర్లనీ ఎత్తుకున్నారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల గ్రంథం వాళ్ళని దూది శుభ్రం చేసే పనిలోకొచ్చిన ముహమ్మదీయులుగా చెబుతూనే, కట్టుబొట్టుల్లో హిందువుల పోలికలు లెక్కపెట్టింది. ఆ లెక్క ఇప్పటికీ ఆగలేదు. ఉర్దూ మాట్లాడే ముస్లిం, నీకు ఉర్దూ రాదు గనక నువ్వు సగం ముస్లింవి అన్నాడు. పిల్లనివ్వడానికి వెనకాడాడు. హిందువు, నీ పేరు మస్తాన్ గనక నువ్వు సాయిబువి అన్నాడు. ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడాడు. పరుపు విప్పించుకునేటప్పుడు మాత్రం ఇద్దరూ పిలిచారు.

1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వెనకబడిన తరగతుల జాబితాలో, బి గ్రూపులో, దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అనే పేర్లు ఒకే పద్దులో కూచున్నాయి. తిట్టుగా వాడిన మాట ప్రభుత్వ పత్రంలో హక్కు అయింది. ఈ రిజర్వేషన్‌ని చూపించి కొందరు దూదేకులవాళ్ళు అసలు ముస్లింలే కాదని వాదించారు. ముస్లింలలో కులమే లేదని ఇంకొందరు వాదించారు. రెండూ నిజం కాదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, 2004-05 జాతీయ నమూనా సర్వే ఆధారంగా, దేశంలోని ముస్లింలలో 40.7 శాతం వెనకబడిన తరగతులవాళ్ళని తేల్చింది. 2007లో మన రాష్ట్రంలో మరికొన్ని ముస్లిం వృత్తి సమూహాలని ఇ గ్రూపులో చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అది కోర్టుల చుట్టూ తిరిగింది. ఎన్నో తరాలు చేసిన పనిని బట్టి వెనకబాటుని లెక్కకట్టడానికి ఇంత గొడవ జరిగింది. ఆ పని అంటగట్టినప్పుడు మాత్రం ఏ గొడవా జరగలేదు.

అసలు పని ఏమయింది? ఆదోని, గుంటూరు లాంటి పత్తి ఊళ్ళల్లో జిన్నింగు మిల్లులొచ్చాయి. తర్వాత కరెంటుతో తిరిగే ఏకుడు యంత్రం వచ్చింది. అది ఒక గంటలో చేసే పని విల్లుకి రోజంతా పడుతుంది. యంత్రం కొనగలిగినవాడు దుకాణం పెట్టాడు. కొనలేనివాడు అందులో కూలి అయ్యాడు. పొలంలోంచి నాటుపత్తి పోయింది. సంకర రకాలొచ్చాయి, 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక నాటురకాలు దాదాపు కనుమరుగయ్యాయి. రజాయికి సరిపడే పొట్టిపోగు దూది మన నేలమీదే అరుదయింది. పరుపు స్థానంలో ఫోము, రజాయిలోకి పాలిస్టరు పోగు వచ్చాయి. పాలిస్టరు తేలికే, ఉతకొచ్చు, తొందరగా ఆరుతుంది. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అది అణిగిపోతే తిరిగి ఏకడానికి వుండదు, పారెయ్యాల్సిందే. నూలుదూది అలా కాదు. రెండు మూడేళ్ళకి గడ్డకడితే విప్పి, ఎండేసి, ఏకి, పిడికెడు కొత్తదూది కలిపి మళ్ళీ నింపుకోవచ్చు. ఆ 'మళ్ళీ' మీదే దూదేకుల బతుకు ఆధారపడింది. పారేసే కాలంలో అతనికి పని లేకపోయింది.

పని ఇచ్చిపోయిన జబ్బు ఒకటుంది. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు, ఆయాసం వస్తాయి. మిల్లు కార్మికుడికొస్తే చట్టం దాన్ని బిస్సినోసిస్ అనే వృత్తిరోగంగా గుర్తిస్తుంది, నష్టపరిహారం అడిగే దారి వుంది. ఊరూరా తిరిగి ఇంటి అరుగుమీద దూది ఏకినవాడికి యజమాని ఎవరు? ఎవర్ని అడగాలి? ఊరంతా వెచ్చగా పడుకోవడానికి అతను పీల్చిన దుమ్ము ఏ లెక్కలోకీ రాలేదు.

ముస్లిం అస్తిత్వం గురించి రాస్తున్న మనకి ఇందులో కొంత పని వుంది. మన రాతల్లో చార్మినారు వుంది, షేర్వానీ వుంది, బిర్యానీ వుంది. అవి అబద్ధం కాదు, కానీ అవి పైగుడ్డ. తెలుగు ముస్లిం ఒంటికి తగిలే అస్తరు పల్లెలో వుంది. దూదేకుల, కటిక, లద్దాఫు, మెహ్తర్, ఫకీరు ఇళ్ళల్లో వుంది. నవాబుల వైభవం పోయిందని బాధపడే చరిత్రలో వీళ్ళకి చోటు లేదు. వీళ్ళకి పోవడానికి వైభవం లేదు, పని మాత్రమే వుండేది, అదీ పోయింది. 1992 డిసెంబరు 6 తర్వాత మనమంతా ఒక్కటే అని మనం గట్టిగా చెప్పుకున్నాం. చెప్పుకోవాల్సిందే. అయితే లోపలి దూది ఒకమూలకి జారిపోయి ఇంకోమూల వట్టిగుడ్డ మిగిలిపోతే ఆ ఒక్కటి ఎవర్నీ కప్పదు. మసీదు కమిటీలో, పెళ్ళి సంబంధంలో, రచయితల పట్టికలో దూదేకులవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. టాకా అక్కడ పడాలి.

సెక్యులర్ మిత్రులకీ ఒక మాట. మత సామరస్యం అనగానే గుళ్ళో నాదస్వరం ఊదే సాయిబుని చూపించి మురిసిపోతారు. అతని కులం పేరు పత్రికలో, సినిమాలో తిట్టుగా వచ్చినప్పుడు మాట్లాడరు. సామరస్యం ఫొటోలో కాదు, నోటిలో వుండాలి. పింజారి అనే మాటని దాని అర్థంలో వాడండి. అది ఒక పని పేరు, ఒక జాతి పేరు. అందులో తిట్టు లేదు.

విల్లు పట్టిన ముసలివాళ్ళు ఇంకా అక్కడక్కడా వున్నారు. టాకా వెయ్యడం తెలిసిన ఆడవాళ్ళు ఎక్కువమందే వున్నారు. నారి ఎలా బిగిస్తారు, పాతదూదిలో కొత్తది ఎంత కలుపుతారు, ఏ గుడ్డని అస్తరుకి వద్దంటారు, ఒక్కో పనికి వాళ్ళు వాడే మాట ఏమిటి అని అడిగి రాసుకోవాలి. మాట్లాడినవాళ్ళ పేరుతో సహా రాయాలి. గంగాబెన్ కుదిర్చిన పింజారి పేరు ఇప్పుడు మనకి దొరకదు. వీళ్ళ పేర్లు ఇంకా దొరుకుతాయి.